చీరల మధ్య దాచిన రిపోర్టు

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక యువతి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 26, బరువు 51 కేజీలు, ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు. ఇంటర్ రెండో ఏడాదిలో కాలేజీలో పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఆమెకు పరగడుపు షుగర్ 118 వచ్చింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు చూపించుకున్నా 112కీ 126కీ మధ్యే ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3, 6.5 దగ్గర ఆడుతోంది. నాలుగేళ్ళు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మింగారు, అన్నం మానేసి సంగటి తిన్నారు, పొద్దున్నే నడిచారు. అంకె కదల్లేదు.

పోయినేడు ఒక కొత్త డాక్టర్ ఆమె పాత కాగితాలన్నీ వరసగా పేర్చి చూసి, "మీ ఇంట్లో ఇంకెవరికి ఉంది?" అని అడిగారట. అమ్మకు ఉంది, పదిహేనేళ్ళుగా రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. అమ్మ నాన్నకు, అంటే చిత్తూరు దగ్గర పల్లెలో బెల్లం గానుగ ఆడించిన తాతకు, నలభై ఏళ్ళ వయసు నుంచి షుగర్ 120, 130 ఉండేది. ఆయన రోజూ పాకం రుచి చూస్తూనే 84 ఏళ్ళు బతికారు. కన్నూ కాలూ కిడ్నీ ఏదీ చెడలేదు. డాక్టర్ ఆమె రక్తం తీసి వేలూరులో జన్యు పరీక్ష చేయించారు. గ్లూకోకైనేజ్ అనే ఎంజైము జన్యువులో ఒక ప్రతిలో మార్పు ఉందని వచ్చింది. "మీకు మాత్రలు అక్కర్లేదు" అని ఆపేశారు.

ఆపాక టెన్షన్ మొదలైంది. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని చూసుకుంటున్నారు. ఈలోగా మేనబావతో సంబంధం ఖాయమయ్యేలా ఉంది, మాఘంలో ముహూర్తాలు చూస్తున్నారు. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఇష్టమే. మేనమామకు ఇరవై ఏళ్ళుగా షుగర్, 250 దాటుతుంది, ఇన్సులిన్ మీద ఉన్నారు, ఒకసారి కాలికి పుండు పడింది. బావ ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. "వాళ్ళింట్లోనూ ఉంది కదా, మనం నోరెత్తాల్సిన పని లేదు" అని అమ్మ ఆ రిపోర్టును బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టేశారు. నాన్న "మీ అమ్మ ఇష్టం" అంటున్నారు. పెద్దమ్మ మాత్రం "తాత పక్కన కూర్చుని బెల్లం మెక్కి తెచ్చుకున్నావు" అంటోందట.

ఆమె అడిగినవి మూడు. మాత్రలు ఆపడం నిజంగా సరైనదేనా? పెళ్ళికి ముందు చెప్పాలా? పుట్టబోయే బిడ్డకు వస్తుందా?

*

ముందు ఆ గ్లూకోమీటర్‌ని కూడా రిపోర్టు పక్కన పెట్టి బీరువా తలుపు వెయ్యండమ్మా. తర్వాత రిపోర్టును మాత్రం బయటికి తీయండి. మీ ఇంట్లో దాచాల్సిందాన్ని బయటపెట్టి, బయట ఉండాల్సిందాన్ని దాచారు.

నేను చాలా ఏళ్ళు మెడికల్ విద్యార్థులకు జీవరసాయనం చెప్పాను. గ్లూకోకైనేజ్ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక గీత గీసి, ఇటువైపు హెక్సోకైనేజ్, అటువైపు గ్లూకోకైనేజ్ అని తేడాలు రాయించేదాన్ని. "మేడం, పరీక్షలో వస్తుందా" అని అడిగేవాళ్ళు. ఆ గీత ఒక పెళ్ళి మాటల మధ్యకు వస్తుందని అప్పుడు నాకూ తోచలేదు. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ గీతలోనే ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

అన్నమైనా సంగటైనా చివరికి గ్లూకోజుగా రక్తంలో కలుస్తుంది. అది కణంలోకి వెళ్ళాక ముందు దానికి ఒక ఫాస్ఫేటు తగిలించాలి. తగిలిస్తేనే అది కణంలో నిలుస్తుంది, శక్తికో నిల్వకో పనికొస్తుంది. ఈ పని చేసే ఎంజైములు ముఖ్యంగా నాలుగు. మొదటి మూడూ, అంటే గీతకు ఇటువైపు రాయించిన హెక్సోకైనేజ్‌లు, ఆబగా ఉంటాయి. రక్తంలో చక్కెర ఎంత తగ్గినా పట్టుకుంటాయి. తాము చేసిన సరుకు పేరుకుపోతే మాత్రం ఆగిపోతాయి. మెదడుకూ కండరాలకూ అలాంటివే కావాలి. నాలుగోది మన గ్లూకోకైనేజ్. దీనికి తొందర లేదు. చక్కెర తక్కువున్నప్పుడు దాదాపు ఊరికే ఉంటుంది, పెరిగేకొద్దీ వేగం పెంచుతుంది. రక్తంలో చక్కెర 140 దాటాక గానీ సగం వేగం అందుకోదు. సరుకు పేరుకుపోయినా ఆగదు. అంటే ఎదురుగా ఎంత చక్కెర ఉందో దాని వేగమే చెబుతుంది. అందుకే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు దీన్ని కొలబద్దగా పెట్టుకున్నాయి. చక్కెర 90 ప్రాంతం దాటగానే దీని పని ఊపందుకుంటుంది, కణంలో శక్తి పెరుగుతుంది, దాంతో ఇన్సులిన్ బయటికి వస్తుంది.

ఈ ఎంజైము తయారీ సూచన ఏడో క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. మీకు అమ్మ నుంచి వచ్చిన ప్రతిలో తప్పు పడినట్టుంది.

మీ తాతగారి ఊరి చెరువును గుర్తు తెచ్చుకోండి. ఒక చెరువుకు రెండు మొరవలు, అంటే నిండితే నీరు పొర్లిపోయే దారులు, ఉన్నాయనుకుందాం. వాన పడి నీరు పెరిగితే రెండు మొరవలూ పారి, మట్టం ఒకచోట నిలుస్తుంది. ఒక మొరవ పూడిపోయింది. రెండోది బాగానే పారుతోంది. అప్పుడేమవుతుంది? నీరు ఒక జానెడు ఎత్తులో నిలుస్తుంది. అంతకు మించి పెరగదు, ఎందుకంటే ఆ ఎత్తు దాటితే రెండో మొరవ గట్టిగా పారుతుంది. కట్టకు ప్రమాదం లేదు. మీ 118 ఆ జానెడు ఎత్తే. మామూలు వాళ్ళకు 90 దగ్గర పారాల్సింది మీకు 120 దగ్గర పారుతోంది, అంతే. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది. మీ ఇంటర్ క్యాంపు దాన్ని కనిపెట్టింది గానీ అది ఆ ఏడు మొదలైంది కాదు.

మరి మాత్ర ఎందుకు పనిచేయలేదు? మాత్ర వేసుకోవడం అంటే తూము ఎత్తి నాలుగు బిందెల నీరు వదలడం. మట్టం తగ్గగానే మొరవ పారడం ఆగిపోతుంది, అంటే మీ ఒళ్ళే తన ఇన్సులిన్‌ని తగ్గించుకుంటుంది. పైనుంచి వాగు నీరు వస్తూనే ఉంటుంది, మట్టం మళ్ళీ ఆ జానెడుకే చేరుతుంది. నాలుగేళ్ళు మీరు చేసిన పథ్యంలో లోపం లేదు. మీ వల్ల కాలేదని అనుకోవడం మానేయండి.

ఈ జన్యువుకూ ఇంటింటా దిగివచ్చే ఇలాంటి షుగర్‌కూ ఉన్న సంబంధం 1992లో బయటపడింది. 2014లో బ్రిటన్‌లో అచ్చం మీలాంటి మార్పు ఉన్నవాళ్ళను పరీక్షించి చూశారు. దాదాపు 48 ఏళ్ళుగా ఈ కాస్త ఎక్కువ చక్కెరతో, వైద్యం లేకుండా బతుకుతున్నవాళ్ళు వాళ్ళు. షుగర్ వల్ల కన్నుకూ కిడ్నీకీ నరాలకూ వచ్చే పెద్ద దెబ్బలు వాళ్ళలో చాలా అరుదుగా కనిపించాయి, మామూలు మనుషులతో పెద్ద తేడా లేదు. ఆ కథ మీకు కొత్త కాదు, మీ తాతగారు 84 ఏళ్ళు బతికి చూపించారు. కాబట్టి మీ డాక్టర్ మాత్రలు ఆపడం సరైనదే. ఒక్కటి మాత్రం చూసుకోండి. రిపోర్టులో ఆ మార్పు పక్కన 'పాథోజెనిక్' (జబ్బుకు కారణమయ్యేది) అనో 'లైక్లీ పాథోజెనిక్' (బహుశా కారణమయ్యేది) అనో ఉండాలి. 'అన్‌సర్టెన్' అని ఉంటే అది ఇంకా తేలని మార్పు, అప్పుడు అమ్మకు కూడా అదే మార్పు ఉందో లేదో చూపించి డాక్టర్‌తో మళ్ళీ మాట్లాడాలి. ఇది ఉన్నంత మాత్రాన మామూలు షుగర్ రాదని కాదు. వయసూ బరువూ పెరిగితే అందరిలాగే మీకూ అది దీని మీద వచ్చి కూర్చోవచ్చు. ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చూపించుకోండి, చాలు. వేళ్ళకు విశ్రాంతి ఇవ్వండి.

పెద్దమ్మగారి బెల్లం సంగతి. బెల్లం తింటే జన్యువులో అక్షరం మారదు. తమాషా ఏమిటంటే, కాలేయంలో ఇదే ఎంజైముకు ఒక కాపలా ప్రొటీను ఉంది. పరగడుపున అది గ్లూకోకైనేజ్‌ని కణ కేంద్రకంలోకి లాక్కెళ్ళి కట్టేసి ఉంచుతుంది. భోజనం చేసి గ్లూకోజు పెరిగినా, పండులోనో తీపిలోనో ఉండే ఫ్రక్టోజు కాస్త చేరినా వదిలేస్తుంది. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు గేటు తీసినట్టు గుంపుగా బయటికొచ్చి పని అందుకుంటాయి. ఎంజైమును ఇంకా ఎక్కువగా తయారుచేయమని ఇన్సులిన్ కూడా కాలేయానికి ఆజ్ఞ ఇస్తుంది. అంటే తీపికి స్పందించడం దాని పని. దాన్ని తీపి చెడగొట్టలేదు. అలాగని రోజూ అచ్చు బెల్లం కొరకమని కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు మూడో ప్రశ్నగా, పేజీ చివర, చిన్న అక్షరాలతో రాశారు. నా దృష్టిలో అదే మొదటిది.

బిడ్డకు మీ నుంచి ఈ మార్పు వచ్చే అవకాశం సగానికి సగం. బయటి సంబంధమైతే కథ అక్కడితో అయిపోయేది. బిడ్డకూ మీకున్నదే, మాత్రలు అక్కర్లేని జానెడు ఎత్తు. మీరు చేసుకోబోయేది మేనరికం. తాతగారి లెక్కలు చూస్తే మార్పు ఆయన నుంచి మీ అమ్మకు వచ్చినట్టే ఉంది. ఆయన కొడుక్కు, అంటే మీ మామయ్యకు, అది వచ్చి ఉండే అవకాశం సగం. మామయ్యకు ఉంటే బావకు వచ్చే అవకాశం అందులో సగం. మొత్తం మీద నాలుగింట ఒక వంతు.

మామయ్య ఇన్సులిన్ మీద ఉన్నారు, 250 దాటుతుంది అన్నారు కదా. అది మీ రకం షుగర్ చేసే పని కాదు. అందరికీ వచ్చే మామూలు షుగరే అయ్యుండాలి. అయితే దాని కింద మీ మార్పు కూడా దాగి ఉందో లేదో ఆ అంకెలు చెప్పవు. "వాళ్ళింట్లోనూ ఉంది కదా" అని అమ్మగారు రెండింటినీ ఒక గాటన కట్టేశారు. పేరు ఒకటే, సంగతి వేరు.

ఇద్దరికీ ఉంటే? ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. చెరువుకు రెండు మొరవలూ పూడిపోవడం అన్నమాట. నీరు ఎక్కడా ఆగదు, కట్ట మీదికి వస్తుంది. అలాంటి బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది, పుట్టిన కొద్ది రోజుల్లోనే చక్కెర విపరీతంగా పెరుగుతుంది, అప్పటి నుంచి జీవితాంతం ఇన్సులిన్ కావాలి. 2001లో దీన్ని మొదటిసారి గుర్తించి రాశారు. అరుదైన విషయం. ఇన్సులిన్ ఇస్తే బిడ్డ బతుకుతుంది, చదువుతుంది, పెరుగుతుంది. కానీ ముందే తెలియకపోతే ఆ మొదటి వారం చాలా ప్రమాదం. మీరు భయపడాలని రాయడం లేదు. మొత్తం లెక్కగట్టితే ఈరోజు మీకున్న అవకాశం పదహారింట ఒకటి. ఆ ఒకటిని సున్నా చేయగల పరీక్ష మాత్రం ఏ ల్యాబులోనైనా దొరుకుతుంది.

బావ ఒక పొద్దున టీ కూడా తాగకుండా వెళ్ళి పరగడుపు షుగర్ ఇచ్చి రావాలి. ఈ మార్పు ఉన్నవాళ్ళకు అది పుట్టుక నుంచీ ఎక్కువే కాబట్టి, 85, 88 అని వస్తే ఆయనకు లేదనే దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. ఇంకా అనుమానం ఉంటే మరోసారి చేయించవచ్చు. 100 దాటి వస్తే అప్పుడు జన్యు పరీక్ష. మీ రిపోర్టు చేతిలో ఉంటే ఆ ఒక్క మార్పునే వెతుకుతారు, మీకైనంత ఖర్చు కాదు.

ఇక చెప్పడమా, మానడమా. నేను తీర్పు ఇవ్వను, ఏ దారిలో ఏముందో చెబుతాను.

చెప్పకుండా పెళ్ళి చేసుకోవచ్చు. మీ ఆరోగ్యం వరకే అయితే పెద్ద నష్టం లేదు. కానీ మీరు గర్భంతో ఉన్న మూడో నెలలో రక్తపరీక్ష చేస్తారు, 118 కనిపిస్తుంది, గర్భంలో వచ్చిన షుగర్ అని ఇన్సులిన్ మొదలుపెడతారు. మీ విషయంలో అది చిక్కు. బిడ్డకు మీ మార్పు వస్తే, దానికీ మీలాంటి కొలబద్దే ఉంటుంది, మీ 118 దానికి సరిపోతుంది, మామూలు బరువుతో పెరుగుతుంది. గట్టిగా ఇన్సులిన్ ఇచ్చి మీ చక్కెర దించితే ఆ బిడ్డ చిక్కిపోవచ్చు. మార్పు రాని బిడ్డైతే మీ చక్కెరను ఎక్కువగా చూసి తన ఇన్సులిన్ పెంచుకుంటుంది, అర కేజీకి పైగా అదనపు బరువుతో పెరగవచ్చు, దానికి వైద్యం కావాలి. ఏ బిడ్డో తెలియాలంటే స్కానింగుల్లో పొట్ట కొలతను పట్టి చూస్తూ నిర్ణయించాలి. ఇదంతా మీ ప్రసూతి డాక్టరుకు మొదటి రోజే తెలియాలి, పక్కన మీ బావో అత్తగారో కూర్చుని ఉంటారు. అప్పుడు "ఇన్నాళ్ళూ చెప్పలేదా" అన్న మాట వస్తుంది. అప్పుడు చెప్పడం ఇప్పుడు చెప్పడం కన్నా ఖరీదైన పని.

అమ్మ ద్వారా మామయ్యకు చెప్పించవచ్చు. మర్యాద ప్రకారం అదే పద్ధతి అంటారు మన వైపు. కానీ ఆ మాట రెండిళ్ళు తిరిగేసరికి "పిల్లకు షుగరట, పిల్లలు పుట్టరట" అయి కూర్చుంటుంది. అంత కష్టమైన లెక్కను వసారాలో కూర్చుని ఎవరూ సరిగ్గా మోసుకెళ్ళలేరు.

బావకే ముందు చెప్పవచ్చు. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని, కాగితం చేతిలో పెట్టి. "నాకు షుగర్ ఉంది" అని మొదలుపెట్టకండి, ఆ మాట వినగానే ఆయనకు వాళ్ళ నాన్న కాలి పుండు కళ్ళముందు కనిపిస్తుంది. "తాతకున్నది నాకు వచ్చింది, నీకూ వచ్చిందేమో ఒకసారి చూపించుకో బావా" అనండి. అది నిజం కూడా. మీరు ఆయన దగ్గర తప్పు ఒప్పుకోవడం లేదు, ఇద్దరి తాత గురించి మాట్లాడుతున్నారు. నాకైతే ఇదే దారి మనసుకు దగ్గరగా ఉంది, అదీ తాంబూలాలకు ముందే. ఆయన విని వెనక్కి తగ్గే అవకాశం లేదా అంటే, ఉంది. ఆ బాధ చిన్నదని అనను.

లేదంటే ఇద్దరూ కలిసి మీ డాక్టర్ దగ్గరికే వెళ్ళవచ్చు. మీరు మాటలు వెతుక్కోనక్కర్లేదు, ప్రశ్నలు ఆయనే అడుగుతారు. పరీక్షలో బావకూ ఉన్నట్టు తేలితే ఎలాగూ జన్యు సలహా ఇచ్చే నిపుణుల దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు కూడా పెళ్ళి మానుకోవడం ఒక్కటే దారి కాదు. గర్భంలో పరీక్ష చేయించుకోవడం, ముందే పరీక్షించిన పిండంతో గర్భం దాల్చడం, లేదా పెద్ద ఆసుపత్రిలో కాన్పు పెట్టుకుని బిడ్డ పుట్టిన రోజు నుంచే చక్కెర చూసేలా సిద్ధంగా ఉండడం. ఒక్కోదానికి ఖర్చూ మనసు కష్టమూ వేరు. మీరూ బావా ఏది మోయగలరో మీకే తెలుస్తుంది.

అమ్మగారి గురించి ఒక మాట. ఆవిడ మీ షుగర్‌కు భయపడడం లేదని నాకనిపిస్తోంది. సంబంధం చెడితే ఆవిడకు పోయేది అల్లుడు కాదు, పుట్టిల్లు. దసరాకు చీర పెట్టే అన్న ఇల్లు. పైగా ఈ మార్పు తన నుంచే మీకు వచ్చి ఉంటుందని డాక్టర్ గదిలో విన్నారు. చీరల మడతల్లో ఆవిడ దాచింది ఆ మాటను కూడా. కోప్పడే ముందు ఆవిడను కూడా ఒకసారి ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆవిడ పదిహేనేళ్ళుగా మింగుతున్న మాత్రలు అక్కర్లేనివే కావచ్చు. గ్లిమిపిరైడ్ లాంటిది వాటిలో ఉంటే, తిండి ఆలస్యమైనప్పుడు చక్కెర పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఈ వయసుకు మామూలు షుగర్ కూడా చేరి ఉంటే మాత్రం మాత్రలు కావాల్సిందే. కాబట్టి మీ రిపోర్టు చూసి ఆవిడ మాత్రలు మీరు ఆపకండి, ఆవిడ తనంతట తాను కూడా ఆపకూడదు. ఆవిడ రక్తంలో అదే మార్పు ఉందని తేలాక డాక్టరే చెబుతారు.

చివరగా, ఆ రిపోర్టును చీరల్లోంచి తీశాక అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, బావక్కూడా. నాలుగు జిరాక్సులు తీయించండి. ఒకటి బావకు, ఒకటి అమ్మ ఫైల్లో, ఒకటి రేపు మీ కాన్పు చూసే డాక్టరుకు. నాలుగోది మీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండనివ్వండి. ఏ క్లినిక్‌లోనో మీ 118 చూసి కొత్త డాక్టర్ మాత్రల చీటీ రాయబోతే, ముందు అది చూపించాలి.